మూడింటి బడి మూయలేదు

మా వదినగారు పోయారు. ఆవిడని ఎరిగినవాళ్ళు కాశీబుగ్గ నుంచి ఉద్దానం ఊళ్ళ దాకా ఉన్నారు. అందరికీ ఈ కబురు చేరి ఉండదు, చేరినవాళ్ళకి సరిగ్గా చేరి ఉండదు. "పెద్దావిడ, మంచం పట్టి పోయిందట పాపం" అన్నవాళ్ళని నేనే విన్నాను. మంచమూ పట్టలేదు, పాపమూ కాదు. పొద్దున్నే కాఫీ తాగి, ఆ మధ్యాహ్నం పాఠానికి కావలసిన పలకలు ముందేసుకుని వరండా మెట్టు మీద కూర్చున్నారు. నేను పప్పు పొయ్యి మీద పెట్టి వచ్చేసరికి స్తంభానికి ఆనుకుని ఉన్నారు. ఒళ్ళో పలక, చేతిలో తడిగుడ్డ. ఆ పలక సగమే తుడిచి ఉంది.

ఇంకొక కబురు కూడా తప్పుగానే నడిచింది. ఆవిడతో పాటే కాశీబుగ్గలో ముసలాళ్ళ బడి కూడా పోయిందని పలాస స్టేషన్ దాకా చెప్పుకున్నారట. ఆవిణ్ణి ఇంకా చాప మీదనుంచి లేపకముందే ఒకాయన మావారి భుజం మీద చెయ్యి వేసి, "ఇక ఈ బడి గొడవ వదిలింది లెండి" అన్నాడు. ఓదార్పు అనుకున్నాడు కాబోలు. నేను తల దగ్గర కూర్చుని ఏడుస్తున్నదాన్ని ఆ మాటకి ఏడుపు ఆపేశాను. ఒళ్ళు మండిపోయింది. ఆ మంట చల్లారక ముందే ఈ నాలుగు ముక్కలూ రాస్తున్నాను.

మా వదిన అంటే మావారికి అక్క. చిన్నతనంలోనే భర్త పోతే, పుట్టింట్లో మూల కూర్చోమన్నారు. కూర్చోకుండా ట్రైనింగు పాసై, ఉద్దానంలో టీచరుగా చేరారు. జలంత్రకోటలో కొన్నేళ్ళు, సముద్రం పక్క ఊళ్ళలో కొన్నేళ్ళు, ఇసకలో నడిచి బళ్ళు నడిపారు. హెడ్‌మిస్ట్రెస్‌గా రిటైరై కాశీబుగ్గలో సొంతానికి ఇల్లు కట్టుకున్నారు. మనిషి సన్నం, గొంతు పెద్దది. చీర కొంగు నడుముకి బిగించి, రహస్యంగా నశ్యం పీల్చేవారు. రహస్యం అని ఆవిడ అనుకునేవారు గానీ, ఆ తుమ్ములు మాత్రం వీధి చివరికి వినిపించేవి.

మావారు రైల్వేలో గూడ్సు గుమాస్తాగా చేసి రిటైరయ్యారు. దండ వేసి, కుర్చీలో కూర్చోబెట్టి ఫొటో తీసి పంపించారు. క్వార్టర్సు ఖాళీ చేసి వదినగారింట్లో వెనక వాటాలోకి వచ్చాం. వచ్చిన మర్నాటి నుంచి ఆయన పడక్కుర్చీలో, నేను వంటింట్లో. ఒకరోజు వదిన వచ్చి ఆ కుర్చీ ముందు నిలబడ్డారు.

"ఒరే, నువ్వు రిటైరయ్యావు. మరి మరదలు ఎప్పుడు రిటైరవుతుందిరా?"

ఆయన నవ్వేశారు. ఆవిడ నవ్వలేదు.

"నవ్వుతావేటి? అడిగినదానికి జవాబు చెప్పు."

 ఆ వారంలోనే వదిన వరండాలో చాపలు పరిచి బడి పెట్టారు. మధ్యాహ్నం మూడింటికి. ఎందుకు మూడింటికంటే, అంట్లు తోమడం అయ్యాక, రాత్రి వంటకి లేవక ముందు, ఆడవాళ్ళకి దొరికే ఖాళీ అదొక్కటే. మగవాళ్ళకి ఎప్పుడైనా ఒకటే కనక వాళ్ళని అడగలేదు. రిటైరైనవాళ్ళకి మాత్రమే ప్రవేశం. ఎవరు రిటైరైనట్టో ఆవిడే తేల్చేవారు. ఫించను వస్తేనే రిటైరైనట్టు కాదు. కోడలు వచ్చినా గరిటె వదలని అత్తగారు ఆవిడ లెక్కలో రిటైరయినట్టే, మొండికేసి చెప్పుకోవడం లేదంతే. జీడిపిక్కలు కొట్టి కొట్టి చూపు మందగించి షెడ్డులోంచి వెళ్ళిపొమ్మనిపించుకున్న సూరమ్మ రిటైరైనట్టు. భార్య పోయాక రెండు పూటలా హోటల్లో తింటున్న రైల్వే గార్డుగారు రిటైరైనట్టు.

ఆ బడికి ఒక పద్ధతి ఉండేది. ఇంకెక్కడా నేను అలాంటిది చూడలేదు. హాజరు పిలిచినప్పుడు "వచ్చాను" అనకూడదు. ఎవరికి ఏది రాదో అది చెప్పాలి. ఆ రోజుకి అదే హాజరు. వచ్చినదాని గురించి మాట్లాడితే ఊరుకునేవారు కాదు. గార్డుగారు మొదటిరోజు లేచి, తను మెయిల్ బండి ఎలా నడిపించారో మొదలుపెట్టారు. వదిన చెయ్యెత్తి ఆపేశారు.

"ఆ బండి వెళ్ళిపోయింది గార్డుగారూ. మీకు రానిదేటో చెప్పండి."

పాపం, పెద్దాయన. నేల చూసుకుంటూ అన్నారు: "పొయ్యి వెలిగించుకోడం రాదమ్మా."

ఎవరూ నవ్వలేదు. నవ్వితే వరండా ఊడవాలి, అది శిక్ష. అదే శిక్ష "ఈ వయసులో" అన్న మాట వాడినవాళ్ళకి కూడా. మొదట్లో మా వరండా ఎంత శుభ్రంగా ఉండేదంటే అన్నం పెట్టుకు తినొచ్చు.

సూరమ్మ వంతు వస్తే, "నాకేటీ రాదమ్మా, రాసుకోండి" అంది.

"అలా తప్పించుకోకు. ఒక్కటి చెప్పు."

"అచ్చరాలు రావు. బస్సు మీద ఏటి రాసుందో సదవనేను. టెక్కలి బస్సనుకొని సోంపేట బస్సెక్కీసినాను ఓపాలి. ఆ ఊరు సూసినట్టయింది గానీ, కూతురు తిట్టింది."

వదిన అట్టముక్కల మీద అక్షరాలు పెద్దగా రాసి, ఆ కుప్ప సూరమ్మ ముందు పోశారు. రేపటికి వీటిని చూసి గుర్తుపట్టడం మొదలుపెట్టమన్నారు. మర్నాడు వచ్చి చూస్తే సూరమ్మ వాటిని మూడు కుప్పలు చేసి కూర్చుంది. షెడ్డులో పప్పు ఏరడం అలవాటైన చేతులు కదా, వేరే ఏం చెయ్యాలో వాటికి తెలియలేదు. నిండుగా గుండ్రంగా ఉన్నవి ఒక కుప్ప, మధ్యలో చీలినట్టున్నవి ఒకటి, తోకలూ ముక్కలూ ఉన్నవి ఇంకొకటి.

"ఇవి గుండు పప్పు, ఇవి బద్దలు, ఇది నూక" అంది గర్వంగా. "పుచ్చుది ఒకటుందమ్మా, పక్కన పడీసినాను." ఆ పుచ్చుది 'ఋ'. దాన్ని సూరమ్మ ఇప్పటికీ దగ్గరికి రానివ్వదు.

అక్షరాలన్నీ కలిపేసిందని వదినకి కోపం వస్తుందనుకున్నాం. ఆవిడ నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకున్నారు. వరండా కూడా తనే ఊడ్చారు, నవ్వారు కనక. ఆ మధ్యాహ్నం నుంచి మా బడిలో అక్షరమాల అలాగే నడిచింది, ముందు గుండు, తరవాత బద్ద, ఆఖర్న నూక. ఏ డిపార్టుమెంటు ఒప్పుకుంటుందో నాకు తెలీదు. సూరమ్మ మాత్రం వానలు పడేలోగా బస్సు బోర్డు చదివింది.

గార్డుగారి మొదటి ఉప్మా సంగతి చెప్పకపోతే ఆయనే కోప్పడతారు. వెనకవైపు మా పొయ్యి దగ్గరే పాఠం. పొగకి వీధిలో వాళ్ళు ఇల్లంటుకుందని బిందెలతో వచ్చారు. నేను గరిటె అందుకోబోతే వదిన నా మణికట్టు పట్టుకుని వెనక్కి లాగారు.

"నేర్చుకునేవాళ్ళ చేతిలో పని లాక్కోకు మరదలా. నలభై ఏళ్ళుగా మీరంతా లాక్కోబట్టే ఈ మగాళ్ళు ఇలా తయారయ్యారు."

ఆయన ఆ మాడిన ఉప్మా మొత్తం తిన్నారు. ఎవరికీ పెట్టలేదు. తింటూ తింటూ ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి. పొగవల్ల అన్నారు.

ఇంక నేను. హాజరులో నా వంతు వస్తే "నలుగురిలో నిలబడి మాట్లాడటం రాదు" అన్నాను. నిజంగానే రాదు. ఇంట్లో మాట్లాడినదంతా ఏదో ఒక పని చేస్తూ, గోడకో గిన్నెకో చెప్పినట్టు మాట్లాడటమే. శనివారం నన్ను నిలబెట్టారు. మాట్లాడేవాళ్ళు ఒక్కరే నిలబడాలి, తతిమ్మా అందరూ కూర్చోవాలి, మధ్యలో ఎవరూ నోరు మెదపకూడదు.  ఏమీ తోచక చారు ఎలా పెట్టాలో చెప్పడం మొదలుపెట్టాను. చింతపండు నానబెట్టడం దగ్గర బాగానే ఉన్నాను. పోపు దగ్గరికి వచ్చేసరికి, ఆ చారు ముందు ఎవరు పోసుకుంటారు, ఆఖర్న గిన్నె అడుగున మిగిలింది ఎవరు పోసుకుంటారు అన్న చోటికి మాట దానంతటదే వెళ్ళిపోయింది. గొంతు పెరిగింది. వెనక వాటాలో పడక్కుర్చీ కిర్రుమంది. మావారు వింటున్నారన్నమాట. ఆపలేదు నేను. కూర్చున్నాక వదిన అన్నది ఒక్కటే మాట: "చారులో ఉప్పు సరిపోయింది."

మావారు మాత్రం రాలేదు. ఎన్నిసార్లు పిలిచినా "నాకు రానిదేముంది అక్కా" అనేవారు. ఆవిడ నవ్వి, "అదే నీ రోగం" అనేవారు.

బడి పెట్టిన కొత్తలో వీధి పెద్దలు నలుగురు వచ్చారు. ఆడా మగా ఒకే చాప మీద ఏమిటన్నారు. పిక్కలు కొట్టినదాని పక్కన మా ఇంటి ఆడవాళ్ళు కూర్చోవడమేమిటన్నారు. రామా కృష్ణా అనుకునే రోజుల్లో పలకలేమిటన్నారు. వదిన వాళ్ళకి మజ్జిగ ఇప్పించి, తాగేదాకా ఆగి, అప్పుడన్నారు: "రాముణ్ణి తలవడానికి నోరొక్కటి చాలు నాయనా. చేతులూ కళ్ళూ కాళ్ళూ ఊరికే ఉన్నాయి, వాటికి పని చెప్తున్నాను. పని మానేసినవాళ్ళం గానీ బతకడం మానేసినవాళ్ళం కాదు. మీకూ చాప ఉంది, కూర్చుంటారా?" కూర్చోలేదు. వెళ్ళిపోయారు. ఆ నలుగురిలో ఒకాయన తల్లి మర్నాడు తనంతట తనే కర్ర పట్టుకుని వచ్చింది. ఆవిడకి ఈల వెయ్యడం రాదట. చిన్నప్పటి నుంచి కోరికట. ఆ పాఠానికి వదిన ఎవర్ని పట్టుకొచ్చారో, ఆ ఈల ఎంతవరకు వచ్చిందో ఇక్కడ రాయను, ఆ కొడుకు ఇంకా ఈ వీధిలోనే ఉన్నాడు.

ఒకసారి అందర్నీ బస్సెక్కించి జలంత్రకోట తీసికెళ్ళారు, తను మొదట పాఠం చెప్పిన ఊరు చూపించడానికి. తిరుగుదారిలో కొబ్బరితోటల మధ్య నడుస్తుంటే పోలీసు జవాను ఆపాడు. ఆ ఏడు ఉద్దానంలో నక్సలైట్ల కోసం గాలిస్తూ, నలుగురు కలిసి నడిస్తే ఆపుతున్నారు. వాణ్ణి అని లాభం లేదు, కుర్రాడు, బెదిరిపోయి ఉన్నాడు.

"గుంపుగా ఎక్కడికెళ్ళారు?"

"చదువుకోడానికి" అన్నారు వదిన.

"ఈ వయసులోనా?"

మేమంతా ఒక్కసారి సూరమ్మ వైపు చూశాం. సూరమ్మ ఊరుకుంటుందా? "ఓలమ్మో, ఆ మాటన్నావేటి బాబూ! అరుగు ఊడవాలి నువ్వు" అంది. వాడికేమీ అర్థం కాలేదు, వెళ్ళండి వెళ్ళండి అన్నాడు. ఆ రోజు బస్సు కాశీబుగ్గ చేరేదాకా వదిన తుమ్ముతూ, నవ్వుతూనే ఉన్నారు.

ఆవిడకి రానిది ఏమిటని నేనొకసారి అడిగాను. హాజరులో ఆఖరి పేరు తనదే, ఎప్పుడూ ఒకటే చెప్పేవారు: "ఒకళ్ళని సాయం అడగడం రాదు." నిజమే. చిన్నప్పటి నుంచి ఎవరి చెయ్యీ పట్టుకోకుండా బతికిన మనిషి. జ్వరంతో ఒళ్ళు కాలుతున్నా నూతిలో నీళ్ళు తనే తోడుకునేవారు. నేను వెళ్తే కసిరేవారు. పోయే ముందు వారం, పొద్దున్నే నూతి దగ్గర నిలబడి, చాంతాడు చేత్తో పట్టుకుని, "మరదలా, రెండు చేదలు తోడిపెట్టవే" అన్నారు. నేను తోడాను. బకెట్టు నిండాక నా వైపు చూసి, "హాజరు వేసుకో, వచ్చేసింది" అన్నారు. 

సరే. పన్నెండో రోజు భోజనాలయ్యాయి. టెక్కలి నుంచి బంధువులు వచ్చారు. వరండాలోనే అందరూ చేరారు. ఇల్లు తమ్ముడైన మావారికి వచ్చింది కనక ఏం చెయ్యాలో ఆయనకి సలహాలు మొదలయ్యాయి. పిక్కల సీజను, పక్క వీధి జీడిపప్పు షావుకారు కూడా భోజనానికి వచ్చి ఉన్నాడు. చెడ్డవాడేమీ కాదు. వదిన మీద గౌరవం ఉన్నవాడే. "వరండా సిమెంటు గచ్చు బావుంది. ఖాళీగా ఎందుకు, బస్తాలు వేసుకుంటాను, అద్దె ఇస్తాను" అన్నాడు. మావారు తల ఊపారు. ఆయన తలే అంత, ఎదురుగా నలుగురుంటే దానంతటదే ఊగుతుంది.

నేను గుమ్మం లోపల విస్తళ్ళు మడుస్తున్నాను. మామూలుగా అయితే అక్కడి నుంచే గొణిగేదాన్ని. చేతిలో పని కింద పెట్టేశాను. బయటికి వచ్చి, కూర్చున్నవాళ్ళ మధ్య నిలబడ్డాను.

"వరండా ఖాళీగా లేదు. రేపు మూడింటికి బడి ఉంది."

మావారు నా వైపు కొత్త మనిషిని చూసినట్టు చూశారు. "బడేటి? అక్క లేదు కదా. ఎవరు చెప్తారు పాఠం?"

"ఆవిడున్నప్పుడు మాత్రం ఆవిడొక్కరే చెప్పారా? గార్డుగారికి పొయ్యి నేను చెప్పాను. సూరమ్మకి అక్షరాలు మేమందరం చెప్పాం. పెద్దమ్మగారికి ఈల..." అక్కడ ఆపేశాను, ఆ కొడుకు అక్కడే కూర్చుని ఉన్నాడు. "ఆవిడ మమ్మల్ని ఏడవడానికి వదిలి వెళ్ళలేదు. బడి నడుస్తుంది."

టెక్కలి పెద్దాయన గొంతు సవరించుకున్నాడు. "మగవాళ్ళు మాట్లాడుతుంటే మధ్యలో ఏటమ్మా ఇది? లోపలికెళ్ళు."

"ఇంకా పూర్తికాలేదండీ. నిలబడి మాట్లాడుతున్నవాళ్ళు కూర్చునేదాకా మధ్యలో మాట్లాడకూడదు. ఈ వరండాలో అది పద్ధతి" అన్నాను. కాళ్ళు వణకలేదని అబద్ధం చెప్పను. వణికాయి. కూర్చోలేదు మాత్రం.

మర్నాడు రెండున్నరకే చాపలు పరిచాను. మావారు నాతో మాట్లాడటం లేదు, పొద్దుటి నుంచీ. మూడింటికి ఒక్కొక్కరే వచ్చారు, వచ్చి గేటు దగ్గరే ఆగిపోయారు. లోపలికి రావచ్చో లేదో తెలీక నిలబడ్డారు. అంతలో బండి వచ్చింది. షావుకారు ముందురోజు మావారి తల ఊపుని నమ్మి బస్తాలు పంపేశాడు. రెండెడ్ల బండి, మోయలేనంత బరువు, బండివాడు అరుగు పక్కన ఆపి తాడు విప్పబోయాడు.

సూరమ్మ ముందుకెళ్ళింది. బతుకంతా ఆ షావుకారు షెడ్డులో తల దించుకుని పిక్కలు కొట్టిన మనిషి.

"తాడిప్పకురా. బండి తిప్పీ."

"సావుకారు దించీమన్నాడు అప్పా."

"నానొద్దన్నానని సెప్పు. సూరమ్మ ఒద్దంది అని పేరు పెట్టి సెప్పు. ఇది బస్తాలేసీ సోటు కాదు, మా బడి."

వీధి ఇరుకు, బండి తిరగదు. ఎడ్లని విప్పి వెనక్కి తొయ్యాలి. బండివాడొక్కడి వల్ల అయ్యే పని కాదు. అందుకని మా బడి మొత్తం వెళ్ళి కాడికీ చక్రాలకీ భుజాలు ఆనించింది. కర్ర పట్టుకునే పెద్దమ్మ కూడా. గార్డుగారు వెనక నిలబడి, భుజం మీద తుండు తీసి ఊపుతూ "రానీ, రానీ, ఎడమకి, రైట్ రైట్!" అని అరిచారు. తనకి వచ్చినది బడిలో వాడకూడదు నిజమే. కానీ ఆయన ఇంకా గేటు లోపలికి రాలేదు కదా అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. బండి వీధి మొగ దాకా వెళ్ళింది. అందరూ రొప్పుతూ, చెమటలు కక్కుతూ వచ్చి, ఎవర్నీ అడక్కుండా చాపల మీద కూర్చున్నారు.

నేను హాజరు పిలిచాను. ఎవరికి రానిది వాళ్ళు చెప్పారు. ఆఖరి పేరు దగ్గర ఏం చెయ్యాలో తెలీక ఆగిపోయాను.  

అప్పుడు వెనక వాటా గుమ్మంలోంచి మావారు వచ్చారు. చాలాసేపటి నుంచి అక్కడే ఉన్నట్టున్నారు. చాప చివర, సూరమ్మ పక్కన ఉన్న చోట్లో కూర్చున్నారు. ఎవరి మొహమూ చూడలేదు.

"బొత్తాం కుట్టుకోడం రాదు" అన్నారు.

చూస్తే చొక్కాకి రెండో బొత్తాం లేదు. ఎన్నాళ్ళైందో నేను చూడలేదు, ఆయన నేను చూస్తానని ఎదురుచూసినట్టున్నారు. లోపలికి వెళ్ళి సూదీ దారం తెచ్చి ఆయన ముందు పెట్టాను. తతిమ్మావాళ్ళు పలకలు తీశారు. సూరమ్మ పేపరు ముక్క ఒకటి పైకి చదవడం మొదలుపెట్టింది, నూక దగ్గర ఆగుతూ, తిట్టుకుంటూ. మావారు దారం కొస తడి చేసుకుని, సూదిని ఎండ వైపు ఎత్తి, ఒక కన్ను మూసి గుచ్చారు. తప్పింది. మళ్ళీ తడి చేసి గుచ్చారు. మళ్ళీ తప్పింది. నా వైపు చూశారు.

నేను లేవలేదు.